మూడుసార్లు వడకట్టి

జనవరి 9

ఒరేయ్ తమ్ముడూ,

కుశల ప్రశ్నలు తర్వాత, ముందు పని మాట. నా మేనకోడలు బుడంకాయకి ఆరు నెలలు నిండాయనీ, డాక్టరు మెత్తటి తిండి మొదలుపెట్టమన్నాడనీ రాశావు. "ఎలా పెట్టాలక్కా?" అని ఒక్క మాట అడిగి ఊరుకున్నావు. నన్నడగక ఎవర్నడుగుతావులే. పంతొమ్మిదేళ్ళుగా ఈ ఆసుపత్రి వంటగదిలో నేను చేస్తున్నది ఆ పనే. మూడో అంతస్తులో పక్షవాతం వచ్చి మింగలేనివాళ్ళు, గొంతుకి ఆపరేషనయినవాళ్ళు ఉంటారు. వాళ్ళకి దిగేది నా చేతి జావ ఒక్కటే. అందులో ఒక్క పలుకు తగిలిందా, పొలమారి ప్రాణం మీదకొస్తుంది. ఇన్నేళ్ళలో నా గిన్నె వల్ల ఒక్కరికి కూడా పొలమారలేదు. పెద్ద డాక్టరు ఈ మాట నలుగురి ముందూ అన్నాడు, కావాలంటే వచ్చి కనుక్కో.

రాసుకో. అన్నమైనా, బంగాళాదుంపైనా, గుమ్మడికాయైనా పట్టుకుంటే చేతిలోంచి జారిపోయేలా ఉడకాలి. తర్వాత రుబ్బాలి. గుడ్డలో వేసి వడకట్టాలి. ఒకసారి కాదు, మూడుసార్లు. మూడోసారికి గుడ్డలో ఏమీ మిగలకూడదు. గరిటె వంచితే ధార తెగకుండా పడాలి. తెగిందా, ఇంకా చిక్కగా ఉన్నట్టే.

నాలుగు గుడ్డలు పంపుతున్నా. అంచులు నేనే కుట్టాను. మరదలు పగలు షర్టుల ఫ్యాక్టరీలో గుండీలు కుట్టుకుంటూ ఉంటుంది, నీకు లిఫ్టులు బాగుచేసే డ్యూటీ సాయంత్రం కాబట్టి పగటి తిండంతా నీ చేతి మీదే. నాకున్న ధైర్యం అదొక్కటే. అమ్మ పోయేనాటికి నీకు ఐదేళ్ళు, నాకు పదహారు. అప్పట్నుంచి నువ్వు నా మాట కాదన్నది ఒక్కసారే, పెళ్ళి విషయంలో. అదీ మంచి పనేలే, మూతి ముడుచుకోకు.

ఆ పిల్ల రెండు నెలలు ముందే పుట్టింది. నలభై రోజులు ముక్కులో గొట్టంతో బతికింది. మళ్ళీ ఆ గొట్టం మొహం చూడకుండా తన నోటితో తాను తినాలి. నాకింకేమీ అక్కర్లేదు.

పని చేసేటప్పుడు మెయిన్ స్విచ్ ఆపావో లేదో రెండుసార్లు చూసుకో.

మీ అక్క


జనవరి 24

అక్కా,

గుడ్డలు అందాయి. నీ మరదలు చూసి, "ఇంత మంచి గుడ్డ, పాపకి రెండు గౌన్లొచ్చేవి" అంది. నవ్వుతూనే అందిలే.

నువ్వు చెప్పినట్టే చేస్తున్నా. పొద్దున తొమ్మిదికి పొయ్యి దగ్గర నిలబడితే వడకట్టడం అయ్యేసరికి పదకొండు. మొదటి రోజు రెండు చెంచాలు తాగింది. మూడో చెంచా నా చొక్కా తాగింది. నాలుగోది ఎటు పోయిందో ఇప్పటికీ తెలీదు. వారానికల్లా అరగిన్నె దాకా వచ్చింది. నీళ్ళలా జారిపోతుంది, హాయిగా తాగేస్తుంది. నిజంగా నీ చేతిలో మంత్రముందక్కా.

ఒక్క గొడవ జరిగింది. ఆదివారం నేను స్నానానికెళ్ళొచ్చేసరికి నీ మరదలు దాని చేతికి అరటిపండు ముక్క ఇచ్చి కూర్చుంది. "పిల్లలు చేత్తో పట్టుకుని చీకాలి, పక్కింటి పిల్ల ఇలాగే నేర్చుకుంది" అంటోంది. నేను చూస్తుండగానే అది డోక్కుంది. మొహం ఎర్రగా అయిపోయింది, కళ్ళల్లో నీళ్ళు. లాక్కుని, బోర్లా తిప్పి వీపు మీద చరిచాను. ముక్క బయటపడింది. పాప ఏడ్చిన ఏడుపుకి పైవాళ్ళు దిగొచ్చారు. నీ మరదలు, "అదే కక్కేసేది, నువ్వు కొట్టబట్టే భయపడింది" అని ఆ రోజంతా నాతో మాట్లాడలేదు. ఎవరిది తప్పంటావ్?

నీ తమ్ముడు


ఫిబ్రవరి 2

ఒరేయ్,

ఎవరిది తప్పా? నీ ఉత్తరం చదువుతూ చేతిలో గరిటె ఉన్న సంగతి మర్చిపోయి జావ అడుగంటించేశాను. పంతొమ్మిదేళ్ళలో ఇదే మొదటిసారి.

నిరుడు మా మూడో అంతస్తులో ఒక రిటైరయిన బడిపంతులు ఉండేవాడు. నా జావ తాగి పాపం రోజూ దణ్ణం పెట్టేవాడు. ఒకరోజు చూడ్డానికొచ్చిన కూతురు ప్రేమ కొద్దీ రొట్టెముక్క నోట్లో పెట్టింది. అంతే, సాయంత్రానికి మంచం ఖాళీ. ఆ అమ్మాయి ఇప్పటికీ ఆసుపత్రి ముందు నుంచి పోవాల్సొస్తే చుట్టు తిరిగి పోతుందట. ప్రేమ వేరు, తెలియడం వేరు.

ముక్క అన్న మాట ఆ ఇంట్లో మళ్ళీ వినపడకూడదు. పక్కింటి పిల్ల నెలలు నిండి పుట్టింది, మన పిల్ల అలా కాదు. మరదలికి నెమ్మదిగా నచ్చజెప్పు. నేనన్నానని మాత్రం చెప్పకు, ఆడపడుచు పెత్తనం అనుకుంటుంది. నీ మాటగా చెప్పు.

మీ అక్క


మార్చి 11

అక్కా,

జవాబు ఆలస్యమైంది. మా వీధి చివరి పెద్ద భవంతిలో మూడు లిఫ్టులు ఒకేసారి మొండికేశాయి. జనం ఎనిమిది అంతస్తులు ఎక్కి, నన్ను తిట్టుకుంటూ దిగారు.

బుడంకాయకి ఎనిమిది నిండాయి. ఈ మధ్య చెంచా చూస్తే చాలు, పెదాలు బిగించేస్తుంది. చేత్తో తోసేస్తుంది. సీసాలో పోసి చిల్లు కాస్త పెద్దది చేసి ఇస్తే తాగుతుంది. అందుకని జావ ఇంకా పలచన చేసి సీసాలోనే పోస్తున్నా. చెంచా కంటే అదే నయంగా ఉంది. నీ మరదలు ఇదంతా ఊరికే చూస్తుంది.

డాక్టరుకి చూపించాం. తొందరపడొద్దన్నాడు. బరువు కొంచెం తక్కువుందట.

నీ తమ్ముడు


మార్చి 20

ఒరేయ్ తమ్ముడూ,

చూశావా? ఆఖరికి డాక్టరు కూడా నా మాటే అన్నాడు. తొందరపడొద్దు! నాకు ప్రాణం లేచొచ్చింది. వంటగదిలో అందరికీ చదివి వినిపించాను. గిన్నెలు తోమే ముసలమ్మయితే, "నువ్వు డాక్టరువయ్యేదానివే, గరిటె అడ్డొచ్చింది" అంది.

ఇంకా సన్నటి గుడ్డ రెండు పంపుతున్నా. సీసాలో పోసినా ఫరవాలేదు, కడుపులోకి పోవడం ముఖ్యం. పళ్ళొచ్చాక అదే నములుతుంది. నమలడం ఎవరైనా నేర్పాలా?

మరదలు ఊరికే చూస్తుందని రాశావు. ఎందుకు చూడదు? దాని ధ్యాసంతా గుండీల మీదా, షిఫ్టుల మీదా ఉంటే తిండి సంగతి ఏం తెలుస్తుంది? నాకు పిల్లల్లేకపోయినా, కన్నతల్లికంటే నాకే ఆ పిల్ల గొంతు తెలుసు. కోపంతో అనడంలేదు, ఉన్నమాట.

మీ అక్క


మే 6

అక్కా,

నీ మార్చి ఉత్తరం నీ మరదలు చదివింది. నేను బల్ల మీద పెట్టి డ్యూటీకి పోయాను. వచ్చేసరికి గుడ్డలు ఆరూ ఉతికి, ఇస్త్రీ చేసి, మడతపెట్టి నా దిండు మీద ఉన్నాయి. అరుస్తుందేమో అనుకున్నా. అరవలేదు. ఆ రోజు నుంచి ఇంట్లో ఏం జరిగినా ఒకటే ప్రశ్న, "మీ అక్క రాసిందా?" గొడుగు తీసుకెళ్ళనా అంటే, మీ అక్క రాసిందా. తలుపు వెయ్యనా అంటే, మీ అక్క రాసిందా.

నీకొక సంగతి దాచాను. డాక్టరు తొందరపడొద్దు అన్నది నిజమే. కానీ అంతకుముందు ఇంకా చాలా అన్నాడు. వడకట్టడం తగ్గించమన్నాడు. పాప చేతికి తిండి ఇచ్చి పిసుక్కోనివ్వమన్నాడు, ఒళ్ళంతా పూసుకున్నా సరే అన్నాడు. డోక్కుంటే కంగారుపడి కొట్టొద్దన్నాడు. నీకు కష్టంగా ఉంటుందని రాయలేదు. నీ మాట కాదని చెయ్యడానికి నాకు చెయ్యి రాలేదు. ఇంటికొచ్చి మళ్ళీ మూడుసార్లు వడకట్టాను.

ఇప్పుడు పది నెలలు. ఐదు కిలోల తొమ్మిది వందలు. పోయిన నెల ఆరు కిలోలుంది. సీసా కూడా వద్దంటోంది. చెంచా చప్పుడైతే ఏడుస్తుంది. నిన్న నేను టీలో పంచదార కలుపుకుంటుంటే ఆ గదిలోంచి ఏడ్చింది. ఇప్పుడు టీ వేలితో కలుపుకుంటున్నా.

ఎవరి మాట వినాలో నువ్వే చెప్పక్కా.

నీ తమ్ముడు


మే 14

అక్కా,

నాలుగు మాటలే. నిన్న పాపని ఆసుపత్రికి తీసుకెళ్ళాం. నీరసంతో తల వాల్చేసింది. ముక్కులో గొట్టం పెట్టారు. ఇవాళ ఇంటికి పంపారు. గొట్టంలో పాలు పొయ్యడం నీ మరదలికి నేర్పారు. డాక్టరు గట్టిగా చెప్పాడు, తను చెప్పేదాకా నోటికి ఏమీ తాకించొద్దని. గొంతు బలహీనంగా ఉందట. నోటితో పెట్టడం నర్సు ముందే, కొంచెం కొంచెంగా, తర్వాతెప్పుడో మొదలుపెడతారట.

నువ్వు ఏం కోరావో గుర్తుంది. క్షమించు.

నీ తమ్ముడు


మే 15

తమ్ముడూ,

ఆరో తారీఖు ఉత్తరం నిన్న అందింది. రాత్రంతా కూర్చున్నా. పొద్దున్నే మా ఆసుపత్రిలో రోగులకి మళ్ళీ మింగడం నేర్పే అమ్మాయి ఒకామె ఉంటే, వెళ్ళి ఆమె ముందు నిలబడ్డాను. నీ ఉత్తరాలన్నీ ఇచ్చాను. చదివింది. చదివి, నన్ను కుర్చీలో కూర్చోబెట్టి చెప్పింది.

"మీ మూడో అంతస్తు వాళ్ళు నేర్చుకున్నది పోగొట్టుకున్నవాళ్ళండీ. ఈ పాప ఇంకా నేర్చుకోనే లేదు. ముక్క తగలకపోతే నాలుకకి నమలడం ఎలా వస్తుంది? ఏడో నెలకీ తొమ్మిదో నెలకీ మధ్య నేర్చుకోవాలి. డోకు రావడం పిల్లలకి కాపలా లాంటిది, దానికి భయపడకూడదు."

నేను చూసినవన్నీ చివరి గొంతులేరా. మొదలయ్యే గొంతు ఒక్కటీ చూడలేదు. నాకు తెలుసనుకున్నాను. నోరు నేర్చుకునే మూడు నెలలూ నేనే వడకట్టి పారబోశాను. ఆ అరటిపండు రోజున మరదలు చేసిందే సరైన పని. మరదలి కాళ్ళు పట్టుకోవాలి నేను.

గుడ్డలు తగలబెట్టు. వడకట్టడం ఇవాళే ఆపెయ్. ఒక్క రోజు కూడా ఆగకు, ఇప్పటికే ఆలస్యమైందంది ఆమె. మెత్తగా ఉడికిన ముక్కలు పెట్టు, ఏడిచినా డోక్కున్నా బెదరకు. ఇది నేను చెప్తున్నా, నా మాట మీద చెయ్యి.

మీ అక్క


జూన్ 3

అక్కా,

మన ఉత్తరాలు దారిలో ఒకదాన్నొకటి దాటిపోయాయి. పంతొమ్మిదిన నీది నాకు అందింది. గొట్టం సంగతి తెలియకుండా రాశావని మొదటి లైనులోనే అర్థమైంది. అర్థమయ్యీ చేశాను. ఇది నువ్వు తెలుసుకోవాలి.

నీ మరదలు ఫ్యాక్టరీలో ఉంది. "ఒక్క రోజు కూడా ఆగకు" అని నీ రాతలో చూశాక డాక్టరు మాట నాకు మాటలానే అనిపించలేదు. బంగాళాదుంప ఉడికించి ముక్కలు చేశాను. ఒళ్ళో కూర్చోబెట్టుకున్నా. నోరు తెరవలేదు. చెంచా తాకగానే ఏడుపు మొదలుపెట్టింది, ఏడ్చేటప్పుడు నోరు తెరుచుకుంటుంది కదా, అప్పుడు పెట్టాను. డోక్కుంది. బెదరకు అన్నావు, బెదరలేదు. ఇంకోటి పెట్టాను.

రెండోది డోకు కాదు. శబ్దం రాలేదు. పెదాలు నీలంగా తిరిగాయి. గొట్టం పట్టుకుని తనే లాగేసుకుంది. పైవాళ్ళ స్కూటర్ మీద ఆసుపత్రికి పోయాం. ఊపిరితిత్తుల్లోకి పోయిందట. న్యుమోనియా. పదకొండు రోజులు ఐసీయూ గాజు గదిలో ఉంది. బతికింది.

నీ మరదలు ఫ్యాక్టరీ నుంచి ఆ బట్టలతోనే పరిగెత్తుకొచ్చింది, కొంగుకి సూదులు గుచ్చి ఉన్నాయి. ఒక్కటే అడిగింది.

"ఉత్తరం వచ్చిందా?"

నేను తలూపాను. అంతే, వెళ్ళి గాజుకి ఆనుకుని నిలబడింది.

ఇక ముక్కులో గొట్టం పనికిరాదట. పొట్టకి చిన్న ఆపరేషన్ చేసి నేరుగా లోపలికే పెడతారట. ఎన్నాళ్ళని అడిగితే డాక్టరు పెదవి విరిచాడు. ఏళ్ళు కావచ్చు అన్నాడు. కొందరు పిల్లలు ఎప్పటికీ నోటితో తినరు అని కూడా అన్నాడు.

నీ తమ్ముడు


జూన్ 12

తమ్ముడూ,

నీ ఉత్తరం పట్టుకుని వంటగదిలో నేల మీద చతికిలబడ్డాను. గిన్నెలు తోమే ముసలమ్మ లేపింది.

నువ్వు నన్ను ఒక్క మాటా అనలేదు. అనరా. తిట్టు. నీకు ఐదేళ్ళప్పుడు నా మాట వినమని నేర్పింది నేనే, నీ ఆలోచన నువ్వు చేసుకోమని నేర్పలేదు. పిల్లకి చేసిందే నీకు ముందు చేశానురా. అన్నీ నేనే మెత్తగా చేసి నీ నోట్లో పోశాను.

సెలవు పెట్టాను, నెల రోజులు ఇచ్చారు. వస్తాను. వంట చెయ్యను, పాప దగ్గరికి రాను, ఏ మూలనో ఉంటా. మీ ఇద్దరి బట్టలు ఉతుకుతాను. మరదలు నన్ను వాకిట్లో నిలబెట్టి ఎన్ని మాటలన్నా పడతాను. రమ్మని ఒక్క ముక్క రాస్తే చాలు.

మీ అక్క


ఆగస్టు 30

అక్కా,

రెండున్నర నెలలు జవాబు రాయలేదు. ఆ తర్వాత నువ్వు రాసిన ఉత్తరాలు నాలుగూ విప్పలేదు. కోపంతో కాదు. విప్పితే అందులో ఏముంటే అది చేస్తానని భయం. నీ మరదలు అడ్డుపడలేదు. "విప్పుకో, నాకేం?" అంది. నేనే విప్పలేదు.

నువ్వు రావద్దు. ఇది నా మాట, ఆమెది కాదు. ఏం చెయ్యాలో కూడా రాయొద్దు. ఈ ఉత్తరంలో నేను నిన్ను ఏమీ అడగట్లేదు, రెండుసార్లు చదివి చూసుకున్నాను.

పొట్ట గొట్టం ఆపరేషనయింది. రోజుకి ఆరుసార్లు పోస్తాం. నీ మరదలు ఫ్యాక్టరీ మానేసింది. నేను పగటి డ్యూటీకి మార్పించుకున్నాను, ఇంట్లో ఉంటే నా చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక. నీ మేనకోడలు లేచి నిలబడుతుంది, గోడ పట్టుకుని నడుస్తుంది. చూసినవాళ్ళు ముద్దుగా ఉందంటారు. గౌను ఎత్తితే తెలుస్తుంది.

మొన్న ఆదివారం సంగతి చెప్తా. మేమిద్దరం ఆ పిల్ల ముందు తినడం మానేసి చాలా రోజులైంది, ఒకళ్ళ తర్వాత ఒకళ్ళం వంటింట్లో నిలబడి తినేవాళ్ళం. ఆసుపత్రివాళ్ళు అలా కాదు, దాన్ని పక్కన కూర్చోబెట్టుకునే తినమన్నారు. సరే అని ముగ్గురం కూర్చున్నాం. ఇద్దరికీ ముద్ద దిగలేదు. అన్నంలో వేళ్ళు పెట్టుకుని కూర్చున్నాం.

అది వాళ్ళమ్మ కంచంలోకి చెయ్యి పెట్టింది. ఇన్ని నెలల్లో తిండిని తనంతట తాను ముట్టుకోవడం అదే మొదలు. కాస్త అన్నం పిడికిట్లోకి తీసుకుంది. పిసికింది. ఎత్తింది. ఎత్తి, వాళ్ళమ్మ నోటి దగ్గర పెట్టి "ఆ..." అంది. నేను దానికి పెట్టేటప్పుడు నా నోరు తెరిచి అలాగే అనేవాణ్ణి. నీ మరదలు బొమ్మలా కూర్చుండిపోయింది. అది మళ్ళీ "ఆ..." అంది, ఈసారి గదమాయించి. ఆమె నోరు తెరిచింది. తింది. తర్వాత నాకు పెట్టింది. ఆమెకొకటి, నాకొకటి. నమిలి మింగేదాకా మా నోళ్ళు చూసి, అప్పుడు ఇంకోటి. మూడు నెలల తర్వాత నీ మరదలు నవ్వింది, నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది, నాతో "నువ్వు కూడా తిను, పిల్ల అలిసిపోతుంది" అంది. ఆమె నాతో ఒక మంచి మాట అని ఎన్నాళ్ళయిందో. కంచం అంతా అయిపోయింది.

ఆఖరి మెతుకులు దాని వేళ్ళకి అంటుకుని ఉన్నాయి. "మరి నీకో?" అన్నాను. అనకుండా ఉండాల్సింది. చేతి వంక చూసుకుంది, పెదాలు లోపలికి మడిచేసుకుంది, ఆ వేళ్ళు నా చొక్కాకి తుడిచేసి, మొహం గోడ వైపు తిప్పేసుకుంది.

సోమవారం ఆసుపత్రికి వెళ్ళినప్పుడు ఇదంతా చెప్పాం, నీ మరదలూ నేనూ ఒకళ్ళ మాటకి ఒకళ్ళం అడ్డుపడుతూ, చేతులు ఊపుతూ. డాక్టరు చివరిదాకా ఓపిగ్గానే విన్నాడు. పాప తిండి చీటీలో తేదీ వేశాడు. "నోటి ద్వారా" అన్న చోట ఎప్పట్లాగే అడ్డగీత గీసి, అది తినడం కిందకి రాదమ్మా అన్నాడు.

నీ తమ్ముడు